ట్యాగ్ పలకలేదంటే చేప చచ్చిపోయినట్టేనా?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. అమెరికా వాయవ్యంలోని కొలంబియా నదిలో, బోనవిల్ ఆనకట్టకు ఎగువన కలిసే ఒక చిన్న వాగు. కిందటి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అక్కడ 420 పిల్లచేపలకు 12 మి.మీ. పిట్ ట్యాగులు, అంటే ఒంట్లో పెట్టే నంబరు చిప్‌లు, వేశారు. అందులో 270 కోహో సాల్మన్, 150 స్టీల్‌హెడ్ (సముద్రానికి పోయే ట్రౌట్). వాగు నదిలో కలిసే చోటికి కాస్త పైన, ఆరు మీటర్ల ఎడంతో ట్యాగులను చదివే రెండు యాంటెన్నాలు వాగు అడుగున పరిచి నవంబరు 1న ఆన్ చేశారు. జూన్ ఆఖరుకి 96 ట్యాగులే పలికాయి. "మిగతా 324 చచ్చిపోయినట్టేనా? థీసిస్‌లో బతికినవి 23 శాతం అని రాసేయనా?" అని అడిగారు.

రాయకండి. 23 శాతం అనేది మీ చేపల గురించిన అంకె కాదు, సగానికి పైగా మీ యాంటెన్నాల గురించిన అంకె. ఇలాంటి వాగుల్లో పదిహేను సీజన్లు పనిచేశాను, మొదటి రెండు సీజన్లూ నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పిట్ ట్యాగులో బ్యాటరీ ఉండదు. వడ్లగింజ కన్నా కొంచెం పెద్దదైన గాజు గొట్టం, లోపల ఫెరైట్ కడ్డీకి చుట్టిన సన్నటి రాగి తీగ, ఒక చిప్, అంతే. యాంటెన్నా 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ట్యాగ్ అందులోకి వచ్చినప్పుడు ఆ శక్తినే తీసుకుని తన నంబరు చెబుతుంది, బయటికి వెళ్లగానే మూగబోతుంది. రేడియో ట్యాగులా దానంతట అది అరవదు. బ్యాటరీ లేకపోవడం వల్లే 0.1 గ్రాముకి కుదించగలిగారు, మూడు గ్రాముల చేపపిల్లలో కూడా పెట్టగలుగుతున్నాం, చేప జీవితాంతం పనిచేస్తుంది. దానికి మనం కట్టే మూల్యం ఏమిటంటే, చేప మన గుమ్మం దగ్గరికి, అదీ చాలా దగ్గరికి రావాలి. మీలాంటి అడుగున పరిచే యాంటెన్నాలో 12 మి.మీ. ట్యాగుకి ముప్పై, నలభై సెంటీమీటర్ల ఎత్తు దాకా అందితే బాగా ట్యూన్ అయినట్టే లెక్క. ఆ నలభై సెంటీమీటర్లకు పైన ఈదే చేప మీకు లేనట్టే.

ఇప్పుడు మీరు పెట్టిన పట్టిక చూద్దాం. ఎగువ యాంటెన్నాలో 68, దిగువ యాంటెన్నాలో 70, రెండింటిలోనూ 42. దిగువన పలికిన ఏ చేపైనా ఎగువ యాంటెన్నా మీదుగానే వచ్చి ఉండాలి, వేరే దారి లేదు. అంటే ఆ 70లో ఎగువన పలికినవి 42, ఎగువ యాంటెన్నా సామర్థ్యం 60 శాతం. అదే లెక్కన దిగువది 62 శాతం. రెండూ కలిపి చూస్తే దాటినవి 68 × 70 ÷ 42, అంటే 113. దాటిన 113లో 96 దొరికాయి, 85 శాతం సామర్థ్యం, ఫరవాలేదు కదా అనిపిస్తుంది. నేనూ ఇక్కడే ఆగిపోయేవాణ్ని.

ఇదే పట్టికను రెండుగా చీల్చండి. ఏప్రిల్, మే నెలల్లో ఎగువ 38, దిగువ 40, రెండింటిలో 34. నవంబరు నుంచి జనవరి వరకు ఎగువ 30, దిగువ 30, రెండింటిలో 8. ఒకే యాంటెన్నాలు, ఒకే ట్యాగులు. వసంతంలో ఒక్కోటి 85 నుంచి 90 శాతం పట్టుకుంది, చలికాలంలో 27 శాతం! ఇప్పుడు లెక్క మళ్లీ వేస్తే వసంతంలో దాటినవి 45. చలికాలంలో దాటినవి మీకు కనిపించిన 52 కాదు, 112. ఉమ్మడివి ఎనిమిదే కాబట్టి, తక్కువ సంఖ్యలకు వాడే చాప్‌మన్ సవరణ వేస్తే 106 వస్తుంది, అది కూడా అరవై నుంచి నూట యాభై దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మొత్తం మీద మీ వాగు దాటినవి 96 కాదు, 113 కూడా కాదు, 150 ప్రాంతం. రెండు భిన్నమైన కాలాలను ఒక్క కుప్పగా పోసేసరికి నలభై చేపలు కాగితం మీదే మాయమైపోయాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ లెక్క రెండు యాంటెన్నాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పుతాయని అనుకుంటుంది. వరద వస్తే రెండూ కలిసే తప్పుతాయి. నీళ్లు ఎనభై సెంటీమీటర్లు లేచిన రాత్రి చేప రెండింటి మీదుగానూ పైనుంచే పోతుంది. అలాంటి రాత్రులు ఎక్కువైతే 150 కూడా తక్కువ అంచనాయే. పిల్ల కోహోలు కదిలేది ఎక్కువగా ఆ రాత్రుల్లోనే అన్నది మనకున్న అసలు దురదృష్టం.

ఈ చలికాలపు కదలిక గురించి ఒక మాట. సాల్మన్ పిల్లలు వసంతంలో వెండి రంగు తిరిగి, స్మోల్టులై, సముద్రానికి పోతాయని పుస్తకాల్లో చదువుకుంటాం. శరత్కాలంలో తొలి వానలకు దిగువకు పోయేవాటిని చాలాకాలం వరద కొట్టుకుపోయిన బలహీనాలుగా చూశారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ నదిలో పిల్ల కోహోలు శరత్కాలంలో ప్రధాన నది వదిలి పక్కనున్న మడుగుల్లోకి చేరి అక్కడ చలికాలం గడుపుతాయని 1980ల మొదట్లోనే చూపించారు. ఇంగ్లండ్‌లో డోర్సెట్ ప్రాంతపు ఫ్రోమ్ నదిలో ఏటా వేసవి చివర సుమారు పదివేల అట్లాంటిక్ సాల్మన్ పిల్లలకు పిట్ ట్యాగులు వేస్తున్నారు. అక్కడా శరత్కాలంలో గణనీయమైన భాగం కిందికి దిగుతున్నట్టు తేలింది. అవి చావడానికి పోతున్నవి కావు, చలికాలం వేరే చోట గడపడానికి పోతున్నవి. మీ వాగు నిటారుగా, రాళ్లతో, దుంగలు లేకుండా ఉంటే కోహోలు అక్కడ చలికాలం ఉండకపోవడమే సహజం.

ఆ లెక్కన మీ అతి పెద్ద రంధ్రం నవంబరు 1. సెప్టెంబరులో ట్యాగు వేసి, రెండు నెలలు తలుపు తెరిచి ఉంచారు. అక్టోబరు వానలకు ఎన్ని పోయాయో చెప్పే సాక్ష్యం మీ దగ్గర లేదు. దీనికి ఏ మోడలూ మందు కాదు. వచ్చే సీజన్లో మొదటి చేపకు ట్యాగు వేసే ముందే యాంటెన్నా నడుస్తూ ఉండాలి, అంతే.

ఇక స్టీల్‌హెడ్. 150 చేపల్ని కోహోలతో కలిపి ఒకే శాతం తీయడం అసలు కుదరదు. కోహో పిల్ల సాధారణంగా ఒక ఏడాది వాగులో ఉండి, రెండో వసంతంలో వెళ్లిపోతుంది. స్టీల్‌హెడ్ పిల్ల రెండేళ్లుంటుంది, కొన్ని మూడేళ్లు. మీరు ట్యాగు వేసినవాటిలో ఎక్కువ భాగం ఆ ఏడు పుట్టినవే, 65 నుంచి 80 మి.మీ. వాటిని ఈ వసంతంలో గుమ్మం దగ్గర ఎదురుచూడటమే తప్పు. అవి ఇంకా లోపలే ఉండాలి. కొన్ని ఎప్పటికీ సముద్రానికి పోకుండా రెయిన్‌బో ట్రౌట్‌గా అక్కడే బతికేస్తాయి, జాతి ఒకటే కదా. పైగా ఆ సైజులో స్టీల్‌హెడ్‌కీ కట్‌త్రోట్ అనే ఇంకో ట్రౌట్‌కీ తేడా చెప్పడం నాకు ఇప్పటికీ పూర్తి ధైర్యం లేని పని. అందుకే చాలామంది ఆ సైజువాటిని "ట్రౌట్ పిల్ల" అనే నమోదు చేస్తారు. మీరూ అలాగే రాస్తే ఎవరూ తప్పుపట్టరు.

వాగు లోపల ఉన్నవాటి కోసం చేతి యాంటెన్నా పట్టుకుని, కింది నుంచి పైకి వాగంతా ఒకసారి నడవండి. కర్రకు కట్టిన ఆ తీగ చుట్టను ఒడ్డు కింది వేర్లలోకి, దుంగల కిందికి, పెద్ద రాళ్ల సందుల్లోకి పోనివ్వాలి. ట్యాగులు పలుకుతాయి. అప్పుడే రెండో మోసం మొదలవుతుంది, ఎందుకంటే ట్యాగ్ ఆయుష్షు చేప ఆయుష్షు కన్నా ఎక్కువ. చేప చచ్చి కుళ్లిపోయినా, మింక్ (ముంగిసలా ఉండే, చేపలు తినే జంతువు) తిని వదిలేసినా, ట్యాగ్ గులకరాళ్లలో కూర్చుని ఏళ్ల తరబడి పలుకుతూనే ఉంటుంది. వీటిని దెయ్యం ట్యాగులంటాం. కాబట్టి పలికినచోట కాలితో నీళ్లు కదిపి, రాయి కదిపి, ఐదు నిమిషాలాగి మళ్లీ చూడాలి. చోటు మారితే బతికున్న చేప. మారకపోతే అనుమానం. రెండు వారాల ఎడంతో మూడుసార్లు అంగుళం కదలకపోతే అది చేప కాదు. ఒక పెద్ద వరద తర్వాత కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే దెయ్యాలు కూడా వరదకు కదులుతాయి, కానీ దిగువకే కదులుతాయి. ఎగువకు పోయిన ట్యాగు ఒక్కటి చాలు, బతికుందని నమ్మడానికి. అదైనా మింక్ కడుపులో పోతూ ఉండకపోతే.

పక్షుల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కొలంబియా నది ముఖద్వారంలో ఈస్ట్ శాండ్ ఐలాండ్ మీద కాస్పియన్ టెర్న్‌లు, కార్మోరెంట్లు అనే చేపలు తినే పక్షులు పెద్ద గుంపులుగా గూళ్లు కట్టేవి. అవి వెళ్లిపోయాక ఆ నేలను రీడర్లతో దున్నినట్టు వెతికి వేలకు వేలు సాల్మన్ ట్యాగులు తీశారు. అక్కడ దొరికిన ప్రతి ట్యాగూ మీలాంటి ఒకరు ఎక్కడో వాగులో చేపలో పెట్టినదే. మీ వాగు దగ్గర కొంగ రోజూ వచ్చి నిలబడే చెట్టు ఉంటే, దాని కింద కూడా ఒకసారి చుట్ట తిప్పండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

దెయ్యం ట్యాగుల్లో అన్నిటికన్నా చెడ్డది యాంటెన్నా మీదే వచ్చి కూర్చునేది. ఒకే క్షేత్రంలో రెండు ట్యాగులు ఒకేసారి మాట్లాడితే రీడర్‌కు ఏదీ స్పష్టంగా వినపడదు, లేదా దగ్గరున్నదే వినపడుతుంది. గులకలో ఇరుక్కున్న ఒక్క ట్యాగు రాత్రింబగళ్లు తన నంబరే చెబుతూ, దాటిపోతున్న చేపలన్నిటి గొంతూ నొక్కేస్తుంది. మీ లాగ్ ఫైలులో డిసెంబరు రెండో వారం నుంచి ఎగువ యాంటెన్నాలో ఒకే నంబరు వేలసార్లు ఉందేమో చూడండి. ఉంటే మీ 27 శాతానికి కొంత జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ తేదీల్ని "యాంటెన్నా పనిచేయని రోజులు"గా లెక్కించాలి. ఒక సీజన్లో నాకు ప్రతి మంగళవారం పొద్దున పదింటికి ఒకే చేప రెండు యాంటెన్నాలూ దాటి, గంట తర్వాత వెనక్కి వెళ్లేది. క్రమశిక్షణ గల చేప అనుకుని పటం కూడా గీశాను. అది నీళ్లలో దిగేటప్పుడు తొడుక్కునే నా వేడర్ల జేబులో మర్చిపోయిన టెస్ట్ ట్యాగు.

మీ ట్యాగింగ్ పద్ధతి వల్ల చచ్చినవెన్ని, ట్యాగు జారిపోయినవెన్ని అన్నది వేరే ప్రశ్న. మీ జాబితాలో 58 మి.మీ. కోహోలు కూడా కనిపిస్తున్నాయి. అంత చేప బరువు రెండు గ్రాముల పైచిలుకు, ట్యాగు దాని బరువులో ఐదు శాతానికి దగ్గర. ట్యాగు బరువు చేప బరువులో రెండు శాతం మించకూడదన్న పాత సూత్రం రేడియో ట్యాగుల కాలం నాటిది, దాన్ని గుడ్డిగా పట్టుకోనక్కర్లేదని తర్వాతి ఈత పరీక్షలు చూపించాయి. నా దృష్టిలో బరువు కన్నా పొడవే ముఖ్యం, పొట్టలో ఆ గాజు గొట్టానికి చోటుండాలి. 12 మి.మీ. ట్యాగుకి నేను 65 మి.మీ. కన్నా చిన్న చేపను ముట్టుకోను. అంతకన్నా చిన్నవాటికి 8 లేదా 9 మి.మీ. ట్యాగులున్నాయి, కానీ అవి మీ యాంటెన్నాకు ఇంకా తక్కువ ఎత్తులో అందుతాయి. ఒకచోట సర్దితే ఇంకోచోట బిగుస్తుంది. మీ విశ్లేషణలో 65 కన్నా చిన్నవాటిని వేరే వర్గంగా పెట్టి చూడండి. అవే ఎక్కువగా మాయమైతే కారణం వాగు కాకపోవచ్చు, సూది కావచ్చు.

సూదుల గురించి రెండే మాటలు. మొద్దుబారిన సూది పేగుల్ని చీలుస్తుంది, పదును తగ్గిందనిపించగానే మార్చేయండి. రొమ్ము రెక్కల కొనలకు వెనక, పొట్ట రెక్కలకు ముందు, మధ్య గీతకు కాస్త పక్కగా, తక్కువ వాలుతో గుచ్చాలి. కుట్లు అక్కర్లేదు, గాయం దానంతటదే మూసుకుంటుంది. నీళ్లు 18 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పని ఆపేయండి. మీ అనుమతి పత్రంలోనూ ఇలాంటి హద్దు ఉండే ఉంటుంది, దిగువ కొలంబియా కోహో, స్టీల్‌హెడ్ రెండూ రక్షిత జాబితాలో ఉన్నవి కదా. ట్యాగు జారిపోవడం కొలవాలంటే రెండో గుర్తు పెట్టాలి. దానికి అడిపోజ్ రెక్క (వీపు మీద తోకకు దగ్గరగా ఉండే చిన్న రెక్క) మాత్రం కత్తిరించకండి, ఆ బేసిన్‌లో అది హేచరీ చేప గుర్తు. తోక రెక్క కొన కొంచెం కత్తిరిస్తే చాలు, కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతుంది, ఆలోగా తిరిగి పట్టి చూడాలి.

వచ్చే ఏడు 23 మి.మీ. హాఫ్ డూప్లెక్స్ ట్యాగులకు (యాంటెన్నా క్షేత్రం ఆగిన విరామంలో జవాబిచ్చే రకం) మారమని మీకెవరో సలహా ఇచ్చారు. వాటి రీడ్ రేంజ్ దాదాపు రెట్టింపు, యాంటెన్నా మీ చేత్తో తీగ చుట్టి చేసుకోవచ్చు, ఖర్చు తక్కువ, నిజమే. కానీ బరువు 0.6 గ్రాములు, చేప కనీసం 90, 100 మి.మీ. ఉండాలి. వేసవిలో మీ కోహోలు అంత పెరగవు. అంతకన్నా పెద్ద అభ్యంతరం వేరే ఉంది. కొలంబియా ఆనకట్టల దగ్గరున్న రీడర్లు, క్షేత్రం నడుస్తుండగానే జవాబిచ్చే ఫుల్ డూప్లెక్స్ ట్యాగుల కోసం కట్టినవి, మీ హాఫ్ డూప్లెక్స్ చేప వాటి ముందు నుంచి మూగగా వెళ్లిపోతుంది. తీరంలో నేరుగా సముద్రంలో కలిసే వాగైతే ఆ ట్యాగులే వేయమనేవాణ్ని. మీ వాగులో వద్దు. దానికి బదులు యాంటెన్నా చోటు మార్చండి, వరదలో కూడా నీళ్లు పలచగా పారే చోటు వెతకండి. లేదా ఒకదాన్నైనా అడుగున పరచకుండా, చేప మధ్యలోంచి దూరి పోయేలా నిలువుగా కట్టండి. నిలువు చుట్టలో ఈదే చేప దిశ, అందులోని ట్యాగు దిశ క్షేత్రానికి అనుకూలంగా ఉంటాయి, కాబట్టి బాగా పలుకుతుంది. ఒక పెద్ద దుంగ వస్తే అది పోతుంది, ఆ మాటా నిజమే. నావి మూడు పోయాయి. పోయిన చుట్టకు మళ్లీ తీగ చుట్టుకోవచ్చు, పోయిన డిసెంబరు డేటాను చుట్టుకోలేం.

ఏది కట్టినా, నీళ్లు లేచినప్పుడల్లా పరీక్షించండి. చెక్క ముక్కకు ట్యాగు కట్టి ఎగువ నుంచి వదలండి, మధ్యలో ఒకసారి, రెండు ఒడ్డుల పక్కన ఒక్కోసారి. గంటకోసారి తనంతట తను పలికే మార్కర్ ట్యాగు పెట్టుకుంటే యాంటెన్నా ఎప్పుడు చెవిటిదయిందో ఫైలే చెబుతుంది. సోలార్ చార్జ్ కంట్రోలర్లు కొన్ని మధ్యాహ్నం పూట భయంకరంగా రొద చేస్తాయి, వసంతంలో పగలు తక్కువ, రాత్రి ఎక్కువ పలుకుతుంటే చేప స్వభావమని రాసేముందు చార్జర్ తీసి చూడండి.

థీసిస్‌లో ఏం రాయాలి? కోహోలకు, ట్రౌట్ పిల్లలకు వేర్వేరుగా, నెలవారీ సామర్థ్యంతో కార్మాక్-జాలీ-సీబర్ మోడల్ (గుర్తు పెట్టినవి మళ్లీ కనిపించిన తీరును బట్టి మనుగడ అంచనా వేసేది) వేయండి. దాంట్లో వచ్చేదాన్ని "పైకి కనిపించే మనుగడ" అంటారు. చావునూ, కనపడకుండా వెళ్లిపోవడాన్నీ అది విడదీయలేదు, ఆ సంగతి అదే పేరాలో రాయండి. మీకు మాత్రం ఆ రెంటినీ కొంతవరకు విడదీసే మూడో సాక్షి ఉంది, దాన్ని మీరు వాడుకోలేదు.

బోనవిల్ దగ్గర పిల్లచేపలు దిగే బైపాస్ మార్గాల్లో రీడర్లున్నాయి. స్పిల్‌వే మీదుగా, టర్బైన్లలోంచి పోయేవి వాటికి చిక్కవు కాబట్టి కొన్నే పలుకుతాయి. కానీ ఆ కొన్నింటిలో ఎన్ని మీ వాగు గుమ్మం దగ్గర కూడా పలికాయో చూడండి. పది పలికి, అందులో నాలుగే మీ ఫైలులో ఉంటే, అక్టోబరు రంధ్రం, వరద రాత్రులు, దెయ్యం ట్యాగు అన్నీ కలిపి మీ గుమ్మం అసలు సామర్థ్యం నలభై శాతం దగ్గరుందన్నమాట. ఈ బేసిన్‌లో వేసిన ట్యాగుల నంబర్లన్నీ ప్టాజిస్ (PTAGIS) అనే ఉమ్మడి డేటాబేసులోకి వెళ్లాలి, మీ 420 నంబర్లు వేసి వెతకడం ఒక మధ్యాహ్నం పని. మీ నంబర్లు ఇంకా అక్కడికి ఎక్కించలేదని మీ ప్రశ్నలో ఒక వాక్యం చూశాను. ముందు అది చేయండి. ఈ శరత్కాలంలోనే, ఆరు నెలలు సముద్రంలో ఉండి తొందరపడి తిరిగొచ్చే చిన్న మగ కోహోలు, జాక్‌లు, బోనవిల్ చేపల నిచ్చెన, అంటే ఆనకట్ట దాటడానికి కట్టిన మెట్ల నీటిదారి, ఎక్కుతాయి. పెద్దవి వచ్చే ఏడు శరత్కాలంలో. నిచ్చెనల్లో ఎక్కే చేపను అక్కడి రీడర్లు దాదాపు వదలవు. నా మొదటి సీజన్ పట్టికలో "చనిపోయింది" అని నేను రాసుకున్న ఒక కోహో, 67 మి.మీ., రెండేళ్ల తర్వాత అక్టోబరులో ఆ నిచ్చెన ఎక్కింది. మా వాగు యాంటెన్నాల దగ్గర అది ఒక్కసారి కూడా పలకలేదు.